నా ఒక్కపొద్దు మీద చదువుకున్న డాక్టర్లు

నా గాల్ బ్లాడర్ చాలా బాగుందని పద్నాలుగు మంది డాక్టర్లు చెప్పారు. వాళ్ళలో పదమూడు మందికి అది ఎక్కడుందో చూపించింది నేనే.

తప్పు పట్టడం లేదు. కొత్తగా చేరిన డాక్టరుకి స్కానింగ్ మిషన్లో గాల్ బ్లాడర్ దొరకడమంటే, కొత్తగా బెంగళూరు దిగినవాడికి మెజెస్టిక్‌లో తన బస్సు దొరకడం లాంటిది. ఎదురుగానే ఉంటుంది, అందరూ అదిగో అంటారు, ఆ మనిషికి మాత్రం కనపడదు. “ఇంకొంచెం కిందికి జరుపప్పా, పక్కటెముక దాటి” అని నేను పడుకునే ఉండి దారి చెబుతాను. “థాంక్యూ ఆంటీ” అంటారు. ఎంబీబీఎస్ అంతా చదివి, ఆ పైన ఎంట్రన్సు కోసం ఏళ్ళ తరబడి కళ్ళు కాయలు కాచేలా చదివి వచ్చిన పిల్లలు, బడి ముఖం చూడని నాకు థాంక్యూ చెబుతున్నారంటే దేవుడి లీల కాక ఇంకేమిటి?

నేను ఒక టీచింగ్ హాస్పిటల్లో స్కానింగ్ రిపోర్టులు టైపు చేస్తాను. బడి ముఖం చూడలేదన్నది మాటవరసకు అన్నది కాదు. చిన్నప్పుడు నాకు ఫిట్స్ వచ్చేవి. “ఈ పాపను ఇంట్లోనే పెట్టుకోండప్పా, మాకు భయం” అన్నారు బడివాళ్ళు. మా నాన్న పేటలో మగ్గం నేసేవాడు. ఆయన మగ్గం గుంటలో, నేను గట్టు మీద పలకతో. తెలుగు అట్లా వచ్చింది. కన్నడం వీధిలోని అంగడి బోర్డులు నేర్పాయి. ఇంగ్లీషూ టైపూ మా మేనమామ ధర్మం. ఆయన ముందుగదిలో రెండు టైపు మిషన్లు పెట్టుకుని పదిమందికి నేర్పేవాడు. పరీక్షలన్నీ ప్రైవేటుగా కట్టాను. ఫిట్స్ వాటంతట అవే పోయాయి, టైపు మిగిలింది. బేరం నాకే లాభం.

నాన్నకు ఒక అలవాటు ఉండేది. మూరెడు నేసినప్పుడల్లా ఆగి, చెయ్యి కిందికి పోనిచ్చి, బట్ట అడుగువైపు తడిమి చూసేవాడు. “పైన బాగానే ఉండాది కదప్పా, ఇంకేం వెతుకుతావు?” అని పక్క మగ్గాలవాళ్ళు నవ్వేవాళ్ళు. వాళ్ళు రెండు చీరలు దించేలోపు ఈయన ఒకటి దించేవాడు. అంత నిదానం మనిషి కడుపున వేళ్ళు పరిగెత్తే టైపిస్టు పుట్టింది. ఆ వేగాన్ని చూసుకుని నేను ఎన్నాళ్ళు మురిసిపోయానో నా వేంకటేశ్వరుడికి తెలుసు.

మా డిపార్ట్‌మెంటులో డాక్టర్లు రిపోర్టు రాయరు. చీటీ పంపుతారు. లివర్‌కు ఎదురుగా ఒక ‘ఎన్’, గాల్ బ్లాడర్‌కు ఒక ‘ఎన్’, రెండు కిడ్నీలకు రెండు. ఎన్ అంటే నార్మల్. నేను ఒక మీట నొక్కితే పరిమాణం సరిగ్గా ఉంది, ఆకారం సరిగ్గా ఉంది అనే వాక్యాలన్నీ బారులు తీరి వచ్చేస్తాయి. ఎన్ కానిది ఏదైనా ఉంటే ఆ ఒక్క వాక్యం చెరిపి కొత్తది కొట్టాలి. ఆపరేషన్‌లో గాల్ బ్లాడర్ తీసేయించుకున్న వాళ్ళకు కూడా ఎదురుగా ఎన్ వేసి పంపిన మహానుభావులు ఉన్నారు. నేను చీటీ పట్టుకుని వెళ్ళి, “డాక్టర్, లేనిది ఇంత ఆరోగ్యంగా ఎట్లుందో కొంచెం చూస్తారా?” అని వినయంగా అడిగేదాన్ని. నాలుక కరుచుకునేవాళ్ళు. ఆ తర్వాత నాకు కాఫీ ఇప్పించేవాళ్ళు.

రేడియాలజీ చదువు మూడేళ్ళు. బయటివాళ్ళు అదేదో లోపలి మనిషిని చూసే విద్య అనుకుంటారు. మొదటి ఆరు నెలలు నేర్పేది వేరు. గర్భిణీ స్కాన్‌కు సర్కారువారి ఫారం కొట్టివేతలు లేకుండా నింపడం, జెల్లీ సీసాను బోర్లా నిలబెట్టడం, పాత మిషన్ ప్లగ్గును ఏ వంపులో గుచ్చితే కరెంటు వస్తుందో కనిపెట్టడం. రెండో ఏడాది వచ్చేసరికి సందేహం నేర్చుకుంటారు. ‘తోసిపుచ్చలేము’ అనే మాట అప్పుడే నోటికి వస్తుంది. ఆ మాట ఉన్నచోట ఏ జబ్బు ఉన్నా లేకపోయినా డాక్టరుకు దోషం అంటదు. మూడో ఏడాది ధైర్యం వస్తుంది, దాన్ని మొదటి ఏడాదివాళ్ళ మీద కేకలు వేయడానికి వాడతారు.

వీళ్ళందరి మీదా పెద్దసారు. హిందూపురం వైపు మనిషి, నాతో తెలుగే మాట్లాడతారు. రోజూ రెండు గంటలకు చీకటిగదిలో తెర మీద ఒక స్కాన్ పెట్టి అందరినీ నిలబెడతారు. అందరికంటే చిన్నవాళ్ళు మొదట చెప్పాలి. ఒకరు చెప్పింది ఇంకొకరు చెప్పకూడదు. అందువల్ల మొదటివాళ్ళకు ఏమీ తెలియదు, చివరివాళ్ళకు ఏమీ మిగలదు. “పెద్ద గడ్డను గేటు దగ్గర వాచ్‌మనూ చూస్తాడప్పా. నువ్వు చూడని మూల ఏదో అది చెప్పు” అంటారు సారు. అందరూ తల ఊపుతారు. నేను మా మూల కూర్చుని టైపు కొడుతూ వింటాను. ఫీజు లేకుండా అంత చదువు చెప్పినందుకు సారుకు ఎన్ని దండాలు పెట్టినా చాలదు.

ఇక నా సేవ సంగతి. నాకు శనివారం ఒక్కపొద్దు. సాయంత్రం దీపం పెట్టేదాకా కాఫీ కూడా ముట్టను. ఈ సంగతి తెలిసిన రోజున మొదటి ఏడాది పిల్లల ముఖాలు వెలిగిపోయాయి. ఏమీ తినని మనిషికి గాల్ బ్లాడర్ నిండుగా ఉంటుందట. కడుపులో గ్యాసు తక్కువట. అప్పటినుంచి శనివారం మధ్యాహ్నం రోగులు పలచబడగానే తలుపు సందులోంచి ఒక తల కనపడేది. “ఆంటీ, ఐదే నిమిషాలు.” నేను వెళ్ళి పడుకునేదాన్ని. వాళ్ళు జెల్లీ పూసి ప్రోబ్ ఆనించేవాళ్ళు. నేను కళ్ళు మూసుకుని గోవిందనామం నూటెనిమిది సార్లు అనుకునేదాన్ని. నామం పూర్తయ్యేలోపు వాళ్ళ పని అయిపోయేది. నా ఒక్కపొద్దు పుణ్యం స్వామికి ఎంత చేరిందో తెలియదు, రేడియాలజీ డిపార్ట్‌మెంటుకు మాత్రం వారం వారం ముట్టింది.

అట్లా నా మీద చేయి తిరిగిన వాళ్ళలో బ్రూక్‌ఫీల్డ్ నుంచి కారులో వచ్చే కుర్రాడు ఒకడు. అప్పటికి మూడో ఏడాది. చాలా చురుకు. ప్రోబ్ అట్లా పెడతాడు, ఇట్లా తీస్తాడు. కొత్తవాళ్ళకు నన్ను పరిచయం చేసేది కూడా అతనే. “గైస్, నార్మల్ అంటే ఏంటో తెలియకపోతే ఆంటీని స్కాన్ చేయండి. ఆంటీ ఈజ్ ద నార్మల్.” అబద్ధం ఎందుకు, నాకు గర్వంగానే ఉండేది. చదువులేని దాన్ని చదువుకే కొలతగా పెట్టారు.

పోయిన ఏడు చేరిన వాళ్ళలో దేవనహళ్ళి పిల్ల ఒకతె వచ్చింది. ద్రాక్షతోటల ఇంటి పిల్ల. ఇంట్లో మాలాగే తెలుగు, గడప దాటితే కన్నడం. మంచి మార్కులు, మెత్తటి మాట, చేతిలో మాత్రం నత్తలు. ఒక్కొక్క రోగికి ముప్పావుగంట. బయట క్యూలో ఆడవాళ్ళు, స్కాన్ కోసం నీళ్ళు తాగి తాగి, బాత్‌రూముకు పోలేక, “ఏనమ్మా, ఒళగే మనె కట్తా ఇద్దారా?” అని తలుపు బాదేవాళ్ళు, లోపల ఇల్లు కడుతున్నారా అని. సీనియర్లు ఆమెకు ‘హూడి సిగ్నల్’ అని పేరు పెట్టారు. అక్కడ చిక్కుకున్న బండి ఎప్పుడు కదులుతుందో డ్రైవరుకూ తెలియదు కదా. చివరికి సారు కూడా పిలిచి చెప్పేశారు. “నెలాఖరుకు పొద్దునపూట పదిమందిని చూడాలి. లేకపోతే మళ్ళీ ఆరు నెలలు ఫారాలు నింపుకో.”

పాపం అనిపించింది. అయినా ఆమె చీటీలు ఆలస్యంగా వచ్చి నా బస్సు తప్పిపోయేది కాబట్టి మరీ ఎక్కువ పాపం అనిపించలేదు.

ఆ శనివారం తలుపు సందులో కనపడిన తల ఆమెదే. పడుకున్నాను. నామం మొదలుపెట్టాను. నూటెనిమిది అయిపోయింది, ఆమె ఇంకా లివర్ దగ్గరే ఉంది. మళ్ళీ మొదలుపెట్టాను. సగంలో “కుడిపక్కకు తిరగండి ఆంటీ” అంది.

“ఎందుకమ్మా? ఇన్నేళ్ళలో నన్ను ఎవ్వరూ తిప్పలేదు.”

“వెల్లకిలా పండుకుంటే ఎడమ కిడ్నీ పైకొస సరిగ్గా కనపడదు ఆంటీ. ఎముకలు అడ్డం. తిప్పి చూడాలని బుక్కులో ఉండాది.”

బుక్కులో ఉన్నది చేసేవాళ్ళు కూడా ఉంటారని అప్పుడే తెలిసింది. తిరిగాను.

“ఊపిరి పీల్చి పట్టుకోండి. వదలండి. ఇంకోసారి.” ప్రోబ్ ఒకేచోట ఆగిపోయింది. మిషన్ మీట టక్ టక్ అంది. కొలత తీసుకుంటోంది. మళ్ళీ టక్. అంతవరకూ ఏదో ఒకటి గొణుక్కుంటూ ఉన్న పిల్ల మాట మానేసింది. అన్నేళ్ళు ఆ గదుల పక్కన కూర్చున్నదాన్ని నేను. వీళ్ళు మాట్లాడుతున్నంతసేపూ ఏమీ లేనట్టు. నా నామం ఎక్కడిదాకా వచ్చిందో మరిచిపోయాను.

ఆమె వెళ్ళి బ్రూక్‌ఫీల్డ్ కుర్రాడిని పిలుచుకొచ్చింది. అతను ఫోన్ చూస్తూ వచ్చి, ఫోన్ తీయకుండానే తెర వైపు ఒక చూపు వేశాడు.

“హంప్. ఒంటె మూపురం. ఎడమ కిడ్నీని పక్కనున్న స్ప్లీన్ ఒత్తితే చాలామందికి అట్లా ఉబ్బు ఉంటుంది. జబ్బు కాదు. ఆంటీ, యూ ఆర్ ఫైన్.”

“ఆ మూపురం నడిమిన, పక్కవైపు ఉంటుంది కదా సార్. ఇది పైకొసన ఉండాది. లోపలి మచ్చ కూడా వేరేగా…”

“పైన, పక్కన... కిడ్నీ ఏమన్నా మీ తోటనా, గట్టు గట్టుకూ కొలవడానికి? మూడేళ్ళుగా చూస్తున్నా ఆంటీని. ఎన్ వేసి పద.”

అతను వెళ్ళిపోయాడు. నేను జెల్లీ తుడుచుకుని లేచేసరికి ఆమె రిజిస్టరు ముందు పెన్ను పట్టుకుని కూర్చుని ఉంది. నేర్చుకోవడానికి చేసే స్కాన్లు కూడా అందులో రాసి సంతకం పెట్టాలని సారు నియమం. సోమవారం సారు చూస్తారు. అన్ని గళ్ళలో ఎన్ ఉంది. ఎడమ కిడ్నీ గడి ఖాళీ.

“వేసేయమ్మా ఎన్” అన్నాను. “ఆయన చెప్పాడు కదా. అసలే నెలాఖరు. సారు దగ్గర మాట పడతావు.”

ఆమె మంచి కోరి అన్నానని ఆరోజు అనుకున్నాను. కాదు. చురుకైనవాడు బాగున్నావన్నాడు, నత్త బాగాలేవంటోంది. నాకు చురుకైనవాడే కావాలి.

ఆమె గడిలో ఒక ప్రశ్నార్థకం వేసింది. “ఉండేదాన్ని లేదని ఎట్ల రాసేది ఆంటీ?” అంది. సీనియర్ వెళ్ళిన తలుపు వైపే చూస్తోంది. అంత భయపడుతూ అంత మొండితనం చేసే మనిషిని నేను చూడలేదు. కోపంగా వచ్చేశాను. సాయంత్రం దీపం పెట్టి, ఒక్కపొద్దు విడిచే ముందు స్వామిని అడిగాను. ఆ పిల్లది పొరపాటు కావాలి అని. ఇన్నేళ్ళ భక్తిలో ఒకరు తప్పు చేసి ఉండాలని మొక్కుకున్నది అప్పుడే. స్వామి విన్నాడు, ఒప్పుకోలేదు. దానికి కూడా ఆయనకు ఋణపడి ఉన్నాను.

సోమవారం రెండు గంటలకు సారు రిజిస్టరు తెరిచారు. “ఏమిదీ కొక్కెం? నువ్వు చూసింది మనిషినా, క్వశ్చన్ పేపరునా?” గది నవ్వింది. ఆమె తల దించుకుని, “ఏదో ఉండాది సార్, ఏమిటో నాకు తెలియలేదు” అంది. ఎవరిదా స్కాన్ అని సారు అడిగారు. అందరూ నా మూల వైపు తిరిగారు. “రామ్మా” అన్నారు సారు.

వాళ్ళందరి మధ్యా పడుకున్నాను. సారు ప్రోబ్ పెట్టి చూశారు. ఏమీ కనపడలేదు. బ్రూక్‌ఫీల్డ్ కుర్రాడు గోడకు ఆనుకుని హాయిగా ఊపిరి వదలడం నాకు వినపడింది. నేనూ వదిలాను.

“తిప్పాలి సార్” అంది ఆమె, వినీ వినపడనట్టు.

సారు తిప్పారు. ఊపిరి పట్టమన్నారు. మాట మానేశారు.

కాసేపటికి, “ఇంతవరకూ ఈమెను ఎవరెవరు స్కాన్ చేశారు?” అని అడిగారు. చేతులు లేచాయి, దాదాపు అందరివీ. అంతకు ముందు ఒకసారి నాకు కడుపునొప్పి వస్తే సారే చూశారు. ఆ సంగతి ఆయనకూ గుర్తొచ్చినట్టుంది, ప్రోబ్ లేని చెయ్యి కొంచెం లేచి ఆగింది. “ఎవరు తిప్పారు?” అన్నారు. ఒక్క చెయ్యి తప్ప అన్నీ దిగాయి.

మరునాడు సీటీ తీశారు. మందు ఎక్కిస్తే ఒళ్ళంతా వేడిగా ఉంటుందని ఎన్నోసార్లు విన్నాను. వంటింట్లో గంజి మీద పోసుకున్నట్టు ఉంటుందని ఎవ్వరూ చెప్పలేదు. ఆ సాయంత్రం సారు రిపోర్టు చెప్పడానికి వచ్చి, నా సీటులో నన్నే చూసి ఆగిపోయారు.

“ఇది వేరేవాళ్ళు కొడతార్లేమ్మా.”

“వేరేవాళ్ళు స్పెల్లింగు తప్పు కొడతారు సార్. నాది కదా, కొంచెం శుభ్రంగా ఉండనీయండి.”

మీట నొక్కాను. నార్మల్ వాక్యాలన్నీ అలవాటుగా బారులు తీరాయి. లివర్ సరే, గాల్ బ్లాడర్ సరే, ఆ వాక్యం నాకు న్యాయంగా వచ్చిందే. ఎడమ కిడ్నీ దగ్గర ఆగాను. ఎందరి కిడ్నీల మీదో ఆ వాక్యాన్ని చూడకుండా పంపించాను, ఎవరిని తిప్పారో ఎవరిని తిప్పలేదో ఏనాడూ అడగలేదు. నాకెందుకు, నాకు బస్సు ఉంది. నాన్న చెయ్యి బట్ట అడుగున పాకడం గుర్తొచ్చింది. వాక్యాన్ని ఒక్కొక్క అక్షరంగా చెరిపాను. ఒకేసారి చెరపవచ్చు, మీట ఉంది.

సారు చెప్పారు. పైకొసన గడ్డ, నిమ్మకాయకంటే చిన్నది, కేన్సర్ కావడానికే అవకాశం ఎక్కువ, కిడ్నీ దాటి బయటికి పోలేదు. ‘తోసిపుచ్చలేము’ అనలేదు. అన్నేళ్ళలో ఆ డిపార్ట్‌మెంటు నుంచి సందేహం లేని వాక్యం నా మీదే వచ్చింది. గౌరవంగా అందుకున్నాను.

గడ్డనూ, దాని చుట్టూ కొంత కిడ్నీనీ తీసేశారు. పరీక్షకు పంపితే తేలింది అనుమానించిందే. చిన్నగా ఉన్నప్పుడే దొరికింది, మందులు అక్కర్లేదు, ఆరు నెలలకొకసారి స్కాన్ చాలన్నారు సర్జన్లు. ఎవరు పట్టుకున్నారని అడిగితే మా వాళ్ళు అందరూ ఒకేసారి “మా డిపార్ట్‌మెంటు” అన్నారట. నిజమే. పదమూడు మంది చూడకపోతే పద్నాలుగో మనిషికి దొరికేదా?

నేను సెలవులో ఉండగానే నెలాఖరు వచ్చింది. దేవనహళ్ళి పిల్ల పొద్దునపూట ఏడుగురినే చూడగలిగిందట. ఫారాలు నింపే బల్ల దగ్గరికి తనే వెళ్ళి కూర్చుంటే, సారు వచ్చి, “ఆ మూడూ నేను చూస్తాలే, లేచి మిషన్ దగ్గరికి పో” అన్నారట. క్యూలో ఆడవాళ్ళకు ఈ గొప్పతనం తెలియదు కాబట్టి తలుపు బాదడం మానలేదు.

బ్రూక్‌ఫీల్డ్ కుర్రాడు పరీక్షకు ముందు ఒక శనివారం వచ్చాడు. సారీ చెప్పలేదు. “ఆంటీ, ఒకసారి తిరుగుతారా?” అన్నాడంతే. ఫోన్ బయట బల్ల మీద పెట్టి వచ్చాడు. చాలాసేపు చూశాడు. నామం నూటెనిమిది దాటింది. లేచేటప్పుడు నా చెప్పులు తనే దగ్గరికి జరిపాడు.

ఈ మధ్య కొత్త బ్యాచ్ చేరింది. మళ్ళీ శనివారం, మళ్ళీ తలుపు సందులో తల, మళ్ళీ ఐదే నిమిషాలు. కొత్త డాక్టరు చేతికి మంచి వేగం ఉంది. లివర్ ఎన్, గాల్ బ్లాడర్ ఎన్, కుడి కిడ్నీ ఎన్, ఎడమ కిడ్నీ ఎన్. కొస తెగిపోయిన నా కిడ్నీకి నిండు మార్కులు వేసి టిష్యూ కాగితం అందించాడు. రెండో ఏడాదికి వచ్చిన దేవనహళ్ళి పిల్ల అతని వెనకే నిలబడి ఉంది. నా ముఖం చూసింది.

నేను టిష్యూ తీసుకోలేదు. ఎవరూ చెప్పకుండానే కుడిపక్కకు తిరిగి, చెయ్యి తల మీదికి ఎత్తి పడుకున్నాను.

“ఇప్పుడు చూడప్పా” అన్నాను. “నాకేం తొందర లేదు. దీపం పెట్టేదాకా ఉపవాసమే.”

బయట ఎవరో తలుపు బాదుతున్నారు. నేను నామం రెండోసారి మొదలుపెట్టాను.